ఆయన ఉప్పు ఆయనదే

ఆయన పోయిన పదో రోజున నందిగామలో సంతాప సభ పెట్టారు. నన్నూ పిలిచారు. "మీరు ఆయనతో బాగా తిరిగినవారు కదండీ, రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. బాగా తిరిగిన మాట నిజమే. ఎక్కడికి తిరిగామయ్యా అంటే తిండికి. నా ముందు మాట్లాడినవాళ్ళు ఆయన ధర్మబుద్ధి గురించి, మాట తప్పని గుణం గురించి, ఎవరి దగ్గరా చెయ్యి చాపని నిష్ఠ గురించి చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. గొంతులోంచి మాట రాలేదు గాని కడుపులోంచి వికారం వచ్చింది. ఎలాగో "ఆయన మంచి భోజనప్రియులు" అనేసి కూర్చున్నాను. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకున్నారు జనం. పక్కనున్నాయన నా భుజం కూడా తట్టాడు.

చచ్చినవాళ్ళ గురించి చెడ్డ మాట్లాడకూడదంటారు. నేను చెడ్డేమీ మాట్లాడను. ఆయన ఎలా తినేవాడో మాత్రం చెబుతాను.

నలభైల చివర్లో నేను నందిగామ బళ్ళో పంతులుగా ఉండేవాణ్ణి. పెళ్ళి కాలేదు. పూటకూళ్ళమ్మ దగ్గర భోజనం. బియ్యం రేషనులో ఉన్న రోజులు. ఆవిడ పోసే నీళ్ళచారూ, పురుగులేరిన అన్నమూ తిని తిని నా నాలిక చచ్చిపోయింది. ఆయనది జగ్గయ్యపేట. మిరపకాయల వ్యాపారం, ఊరి చుట్టూ పొలాలు, ఒక పాత కారు. మా బడి కమిటీలో పెద్ద. ఎందుకో నేనంటే ఇష్టపడ్డాడు. ఎందుకేమిటి, ఆయనకి ఒక్కడే కూర్చుని తినడం చేతకాదు. ఎదురుగా ఇంకొకడు తింటూ తనని చూస్తూ ఉండాలి. ఆదివారం పదకొండు గంటలకల్లా మా గుమ్మం ముందు హారను మోగేది.

"ఏమయ్యా మేష్టరూ, తయారేనా? కడుపు కడుక్కుని కూర్చున్నావా లేదా?"

కడుక్కునే కూర్చునేవాణ్ణి. శనివారం రాత్రి సగమే తినేవాణ్ణి.

బెజవాడ రోడ్డు మీద కీసర దాకా కారులో వెళ్ళి, అక్కడ దిగి, మునేటి గట్టు వెంబడి మైలు దూరం నడవాలి. తుమ్మచెట్లు, ఇసుక, చెప్పుల్లో పల్లేరుకాయలు. ఆ మైలూ ఆయన ఆయాసపడుతూ, పంచె మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని నడిచేవాడు. ఇంట్లో లేచి నీళ్ళు ముంచుకోవడానికి బద్ధకించే మనిషి తిండికోసమని మండుటెండలో మైలు నడుస్తాడు. ఆ నడక చివర ఒక తాటాకు పాక. బోర్డు లేదు, బల్లలు లేవు. నీటి అంచున నాలుగు తాటిమొద్దులు వేసి ఉండేవి, కూర్చోవడానికి. పాక ముందు బారెడు పొడవున తవ్విన గాడి, దాని నిండా తుమ్మబొగ్గుల నిప్పులు, వాటి మీద ఇనుప ఊచలు. ఊచలకి గుచ్చి చేపలు కాల్చేవారు. పొగాకు బేరగాళ్ళూ, లారీ డ్రైవర్లూ ఎవరి నోటివెంటో విని వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆ పాక నడిపేది ఒక ఆడమనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. నైజాంలో గొడవలు పెచ్చరిల్లినప్పుడు, మధిర వైపునుంచి మొగుడూ పెళ్ళాలు ఏరు పట్టుకుని కిందికి వచ్చేశారు. వాళ్ళ తాతల నుంచీ చేపలు పట్టడమే పని. కొర్రమీనుని నిలువునా చీల్చి, కారం, పసుపు, చింతపండు గుజ్జు, ఉప్పు పట్టించి, కాసేపు మోదుగాకులో చుట్టి పెట్టి, అప్పుడు నిప్పుల మీద వేసేది. పక్కన జొన్నరొట్టె. నా జన్మలో అంతకు ముందూ తరవాతా అలాంటిది తినలేదు. ఈ మాట చెప్పకపోతే నేను అబద్ధీకుణ్ణవుతాను.

ఇక ఆయన తినడం. ముందు పచ్చిచేపని తెప్పించుకునేవాడు. మొప్పల్లో వేలు పెట్టి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, "నిన్నటిదే ఇది" అనేవాడు. చేప ఇంకా తోక కొట్టుకుంటూనే ఉండేది. ఆమె "ఇప్పుడే నీళ్ళలకెంచి తీసిన అయ్యగారూ" అనేది. "సరేలే, కాల్చు" అని అదే వేలిని కండువాకి తుడుచుకునేవాడు. కాలుతున్నంత సేపూ "ఇంకొంచెం... తిప్పు... అటు కాదు... ఇంకొంచెం" అంటూ అరచెయ్యి బోర్లించి, వెల్లకిలా తిప్పి, బోర్లించి చూపిస్తూ ఉండేవాడు. పొగలో కళ్ళు మండిపోతూ ఆమె తిప్పేది. నిప్పు దగ్గర కూర్చున్నది ఆమే, అయినా చెమటలు కక్కేది ఆయనే.

విస్తట్లో పడ్డాక మాటలుండవు. తలకాయతో మొదలుపెట్టేవాడు. రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళు జుర్రేవాడు. ఆ చప్పుడు ఏటి అవతల గట్టుకి వినపడేదేమో! ముల్లు తగిలితే నోట్లోంచి రెండు వేళ్ళతో లాగి, తన విస్తరి పాడవుతుందని, నా విస్తరి అంచున పెట్టేవాడు. ఒకదాని పక్కన ఒకటి, వరసగా. మొదటిసారి నాకు దోకొచ్చినంత పనయింది. "ఎంగిలండీ" అన్నాను మెల్లగా. "తినవయ్యా, మనలో మనకి ఎంగిలేమిటి? నా అంతవాడివి కావాలంటే నా ఎంగిలి పడొద్దూ!" అని నవ్వాడు. పళ్ళ సందున చేపతోలు. నేనూ నవ్వాను. విస్తరి కాస్త పక్కకి జరుపుకుని తిన్నాను. మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఛీ!

తిన్నాక నీళ్ళలోకి దిగి పుక్కిలించి ఉమ్మేవాడు. ఆమె కడవ ముంచుకునే చోటికి బారెడు పైన. కిందకి వెళ్ళి ఉమ్మమని చెప్పేదెవరు? అక్కడ తిన్న లారీవాళ్ళు ఎవరి ఆకు వాళ్ళే తీసుకెళ్ళి గుంటలో పడేసేవారు. ఆయన మాత్రం గడ్డంతో ఆకువైపు చూపించి "తియ్యి" అనేవాడు. ఆమె తీసేది.

వీటన్నిటికంటే వింతైనది ఇంకొకటుంది. ఆయన చేపకి ఉప్పు పెట్టనిచ్చేవాడు కాదు. మొదటి రోజునే చెప్పాడు: "నాదానికి ఉప్పు వెయ్యమాకు. కారం ఎంతైనా పెట్టు, ఉప్పు మాత్రం రవ్వ కూడా పడకూడదు." లాల్చీ జేబులోంచి చిన్న ఇత్తడి డబ్బీ తీసేవాడు. అందులో ఇంటినుంచి తెచ్చుకున్న మెత్తని ఉప్పు. విస్తట్లో పడ్డ చేపమీద చిటికెడు చల్లుకుని, డబ్బీ మూత బిగించి, జేబులో వేసుకుని, అప్పుడు చెయ్యి పెట్టేవాడు. వైద్యుడు చెప్పాడేమో, ఏదో పథ్యమేమో అనుకున్నాను. ఆమెకి మాత్రం అది చిన్నతనంగా ఉండేది. "ఉప్పు పట్టకపోతే కొర్రమీను ఏం రుచి అయ్యగారూ, పైన జల్లితే లోపలికి పోతదా" అని ఒకటి రెండుసార్లు అంది. ఆయన వినలేదు. పాపం, కలిపిన ఉప్పుకారం చేతికి అంటుకుని ఉంటుందని, ఆయన చేప ముట్టుకునే ముందు ఏటిలో చేతులు కడుక్కుని వచ్చేది.

రెండు నెలలు ఇలా నడిచాక ఆమె మొగుణ్ణి పట్టుకుపోయారు.

మధిర వైపు వదిలొచ్చిన గిన్నెలూ, వలలూ తెచ్చుకుందామని అతను పుట్టి పడవ వేసుకుని ఏటి పైకి వెళ్ళాడు. సరిహద్దు దగ్గర గట్టుమీద నిలబడి ఎవరో నలుగురు పిలిస్తే ఎక్కించుకుని దాటించాడు. పుట్టి నడిపేవాళ్ళలో అదొక పట్టింపు: గట్టుమీదనుంచి పిలిచినవాణ్ణి ఎవరు నువ్వని అడగకూడదు, దాటించాలి. ఆ పిలిచినవాళ్ళు ఎవరో, ఏ పక్షం వాళ్ళో అతనికి తెలియదు. ఈ పక్క పోలీసులకి మాత్రం అనుమానం వచ్చింది. తెచ్చి నందిగామ పోలీసు కొట్లో పెట్టారు. ఈ ప్రాంతంలో భూమి ఉన్న ఆసామీ ఎవరైనా జామీను నిలబడి, మనిషిని పిలిచినప్పుడు హాజరు పెడతానని సంతకం చేస్తే వదిలేస్తామన్నారు. అంతే కావలసింది, ఒక సంతకం.

ఆదివారం మేం వెళ్ళేసరికి ఆమె నిప్పు రాజెయ్యకుండా గట్టుమీద నిలబడి ఉంది. ఆయన్ని చూడగానే ఎదురొచ్చి, ఇసుకలో కూలబడి, కథంతా చెప్పింది.

"ఈ పక్క మాకెవరున్నరు అయ్యగారూ? మీ ఒక్కరి మొహమే తెలుసు. సంతకం పెట్టి ఇడిపియ్యండి. ఆయన యాడికీ పోడు. పోతే నన్ను కట్టెయ్యండి మీ గొడ్లపాకలో."

ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో "అయ్యయ్యో" అన్నాడు. చివర "చూద్దాంలే" అని, ఆ అరచెయ్యే బోర్లించి వెల్లకిలా తిప్పాడు. తరవాత, "నిప్పు చెయ్యలేదేం?" అన్నాడు.

ఆమె లేచి నిప్పు చేసింది.

ఆ "చూద్దాంలే" పదకొండు వారాలు నడిచింది. మొగుడు లోపలికి వెళ్ళాక వల ఆమే వేసేది. వారమంతా పట్టినవాటిలో అన్నిటికంటే పెద్ద కొర్రమీనుని అమ్మకుండా, మొప్పకి తాడు కట్టి, నీళ్ళ కుండలో బతికించి ఉంచేది ఆదివారానికి, ఆయనకి. లారీవాళ్ళు ఎంతిస్తామన్నా ఇచ్చేది కాదు. ఆయన వచ్చి, మొప్పల్లో వేలు పెట్టి, వాసన చూసి, "నిన్నటిదే" అనేవాడు. తినేవాడు. డబ్బు అణా పైసలతో అక్కడికక్కడే ఇచ్చేవాడు, అది మాత్రం ఎప్పుడూ ఎగవెయ్యలేదు. ఆమె వద్దన్నా వినేవాడు కాదు. నేను దాన్ని ఆయన పెద్దమనిషితనమనుకున్నాను. పోనీలే, డబ్బుదగ్గర నిక్కచ్చి మనిషి, ఇవాళ కాకపోతే రేపు సంతకం కూడా పెడతాడనుకున్నాను. అలా అనుకుంటే రొట్టె గొంతు దిగేది.

ఆమె చిక్కిపోతోంది. అది నాకు కనిపించకపోలేదు. బుధవారం బుధవారం పద్నాలుగు మైళ్ళు రానూ పోనూ నడిచి మొగుడికి రొట్టె ఇచ్చి వచ్చేది. లోపల అతనికి దగ్గు పట్టుకుంది. "రాత్రుళ్ళు నెత్తురు పడతందంట అయ్యగారూ" అంది ఒకసారి, ఊచ తిప్పుతూ. ఆయన చేపవంక చూస్తూ, "మాడుతోంది చూడు" అన్నాడు.

పన్నెండో ఆదివారం ఆమె వడ్డించింది. ఆయన డబ్బీ తీసి ఉప్పు చల్లుకున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడేది కాదు.

"అయ్యగారూ, ఇవ్వాళ తేల్చి చెప్పండి. నా చేతి తిండి తిన్నరు ఇన్నాళ్ళు. మా ఉప్పు తిన్నరు. పెద్దోరు, ఉప్పు తిన్నోరు ఊరకుంటరా?"

ఆయన ముద్ద విస్తట్లో పెట్టేశాడు. కోపం రాలేదు. పైగా మొహం వెలిగింది. ఏదో ఈ మాటకోసమే ఇన్నాళ్ళూ కాచుక్కూర్చున్నట్టు జేబులోంచి మళ్ళీ డబ్బీ తీసి, ఆమె కళ్ళ ముందు పెట్టి, గోటితో టక్ టక్ మని కొట్టాడు.

"తిండి తిన్నాను. డబ్బిచ్చాను. నీ ఉప్పు తినలేదుగా అమ్మాయ్? ఒక్కనాడన్నా తిన్నానా? ఇడుగో, మేష్టరు సాక్ష్యం. చెప్పవయ్యా!"

నేనేం చెప్పను? నా నోట్లో చేప ఉంది. తల ఊపాను. అవును, ఊపాను. తల ఊపడానికి నోరు ఖాళీగా ఉండక్కర్లేదు కదా.

ఆమె డబ్బీ వంక చూసింది. ఇన్ని నెలలు చేతులు కడుక్కుని, ఉప్పు అంటకుండా ఆ చేపని ఎందుకు కాల్చాల్సి వచ్చిందో ఆమెకి అప్పుడు అర్థమయింది. నాకూ అప్పుడే అర్థమయింది. ఆమె వెళ్ళి నిప్పుల దగ్గర కూర్చుంది. ఆయన చేప పూర్తిగా తిన్నాడు. ముళ్ళు నా విస్తరి అంచున పేర్చాడు. పుక్కిలించి ఉమ్మాడు. "తియ్యి" అన్నాడు. ఆమె లేవలేదు. ఆ ఒక్కరోజు ఆయన ఆకు నేను తీశాను.

తిరిగొచ్చేటప్పుడు గట్టుమీద ఆయన ఎంతో తృప్తిగా మాట్లాడుకుంటూ నడిచాడు.

"మా నాన్న నేర్పాడయ్యా మేష్టరూ. ఎవరింట్లోనన్నా తిను, ఉప్పు మాత్రం నీదే తీసుకుపో అనేవాడు. ఉప్పు తింటే వాళ్ళకి కట్టుబడిపోతాం. కట్టుబడ్డాక మాట తప్పితే పాపం. నేను ఉప్పు తిన్నవాడికి ఈ జన్మలో ద్రోహం చెయ్యలేదు. కావాలంటే పేటలో ఎవర్నన్నా అడుగు. నేను ఉప్పు తిన్న ఇళ్ళు పదీ లేవనుకో, అది వేరే సంగతి. పెళ్ళికెళ్ళినా డబ్బీ జేబులో ఉండాల్సిందే."

"ఒక్క సంతకమేగా అండీ" అన్నాను. ఇన్ని నెలల్లో నేను ఆయనకి ఎదురు చెప్పిన మాట అదొక్కటే.

"సంతకం పెట్టి ఎందుకు తెచ్చుకోవాలయ్యా తద్దినం? తినొచ్చిన తిండికి ఇచ్చొచ్చాం. ఇంక మనకీ దానికీ ఏముంది?" అన్నాడు. బ్రేవుమని తేన్చాడు. ఆ తేన్పులో తుమ్మబొగ్గుల పొగ వాసన.

దొంగ అయితే తిట్టుకోవచ్చు. తాగుబోతయితే జాలిపడొచ్చు. ఈ మనిషి అబద్ధమాడడు, బాకీ ఎగవెయ్యడు, కట్టుబడితే తప్పడు. అందుకని ఎక్కడా కట్టుబడకుండా, జేబులో డబ్బీ వేసుకుని ఊళ్ళ మీద తిరిగి మేసి వచ్చాడు. సభలో వాళ్ళు చెప్పినవన్నీ నిజమే. అందుకే నాకు వికారం.

ఆ తరవాతి ఆదివారం ఆయన బెజవాడ పోయాడు, హారను మోగలేదు. నేను బస్సెక్కి కీసరలో దిగి ఒక్కణ్ణే వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే, ఆమెకి నాలుగు ఓదార్పు మాటలు చెబుదామని అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. తుమ్మచెట్ల దగ్గరికి వచ్చేసరికి పొగ వాసన తగిలి నోట్లో నీళ్ళూరాయి. ఎందుకు వెళ్ళానో అక్కడే తెలిసిపోయింది.

పాక దగ్గర తినడానికొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆమె నన్ను చూసి లేచి, మొద్దు మీద ఇసుక దులిపింది. "అయ్యగారు రాలేదా?" అని అడగలేదు. నేను గొంతు సవరించుకుని, అన్నిటికీ ఆ భగవంతుడే ఉన్నాడనీ, అధైర్యపడకూడదనీ, బళ్ళో పిల్లలకి చెప్పినట్టు ఏదో చెప్పాను. ఆమె వింటూ ఊచకి చేప గుచ్చింది. నిప్పు మీద పెట్టింది. కాసేపయ్యాక, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"మేష్టరుగారూ, మీకేమన్నా భూముందా అండి?"

ఆ మాట ఆమె ఎన్నిసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగిందో గొంతులో తెలుస్తోంది. చదువు చెప్పుకు బతికేవాడికి భూమేమిటిలే అని ఇన్నాళ్ళూ అడగలేదు. ఇంక అడగడానికి ఎవరూ మిగల్లేదు కనుక అడిగింది.

చందర్లపాడులో మా అమ్మ తరఫున వచ్చిన ఎకరన్నర ఉంది. నా పేరు మీదే పట్టా. మంచి నల్లరేగడి. ఆ ఎకరన్నరకి ఒక సంతకం విలువ ఉంది. ఆమె మొగుడు ఎటన్నా పోతే నా భూమి జప్తు చేస్తారు, బళ్ళో ఉద్యోగం ఊడుతుంది, నైజాం గొడవల్లో నా పేరు రాసుకుంటారు. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి. అతను ఎక్కడికీ పోడని కూడా నాకు తెలుసు. అదీ తెలుసు.

"లేదమ్మా" అన్నాను.

ఆమె నమ్మింది. నమ్మి, ఎదురు నన్నే ఓదార్చింది.

"మీరేం చేస్తరు లెండి. ఉంటే చెయ్యకపోదురా! మీరు ఆయనలాంటోరు కాదు. కూర్చోండి, చల్లారిపోతది" అని విస్తరి వేసి, చేప దింపి, ముళ్ళు తనే తీసి పెట్టింది.

తిన్నాను. ఆకలిగా ఉంది, తిన్నాను. ఆమె ఇంకొకటి వేసింది. వద్దనలేదు.